డిసెంబరులో పుట్టిన పిల్లాడికి టీమ్‌లో చోటు

సికింద్రాబాద్‌లో ముప్పై నాలుగేళ్ళు పీఈటీగా పనిచేసి రిటైరయ్యాను. ఇప్పుడు రోజూ పొద్దున పిల్లలకు ఫుట్‌బాల్ నేర్పుతున్నాను. ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం పుట్టిన నెల గురించే ఉన్నాయి. అందుకని ఈసారి వేరే ప్రశ్నలు పక్కన పెట్టి వీటికే జవాబులు రాస్తున్నాను.

ప్రశ్న: సార్, మా అబ్బాయి 2012 డిసెంబరు 22న పుట్టాడు. ఆరేళ్ళ నుంచి ఫుట్‌బాల్ ఆడుతున్నాడు. మొన్న అండర్-14 ట్రయల్స్‌కు తీసుకెళ్ళాను. "టచ్ బాగుందమ్మా, కానీ చిన్నగా ఉన్నాడు, బలం చాలదు, వచ్చే ఏడాది తీసుకురండి" అన్నారు. వాడు రెండు రోజులు సరిగ్గా అన్నం తినలేదు. పుట్టిన తేదీ ఓ పది రోజులు జరిపి జనవరి 1 చేయిస్తే కింది గ్రూపులో అందరికన్నా పెద్దవాడవుతాడు, ఎవరికీ నష్టం లేదు అంటున్నాడు మా మరిది. నాకు చాలా టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?
– ఒక తల్లి, మల్కాజిగిరి

జవాబు: అమ్మా, మీ మరిది వేసిన లెక్క తప్పు కాదు. అందుకే నాకు భయం వేసింది.

ఫుట్‌బాల్‌లో వయసు గ్రూపుల సంవత్సరం జనవరి 1న మొదలై డిసెంబరు 31తో ముగుస్తుంది. అంతర్జాతీయ పోటీలకు ఫిఫా ఈ తేదీని 1997లో పెట్టింది. 2017లో మన దేశంలో అండర్-17 ప్రపంచకప్ జరిగింది గుర్తుందా? 2000 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్ళే అందులో ఆడాలి. మీ అబ్బాయి ట్రయల్స్‌లోనూ ఇదే పద్ధతి. 2012 జనవరి మొదటి వారంలో పుట్టిన కుర్రాడు వచ్చి మీ వాడి పక్కన నిలబడతాడు. ఇద్దరి మధ్య యాభై వారాల తేడా. కాగితం మీద మాత్రం ఇద్దరూ అండర్-14.

ఆ వయసులో యాభై వారాలంటే ఏమిటో, తలుపు పక్కన గోడ మీద పెన్సిలు గీతలు పెట్టి పిల్లాడి ఎత్తు కొలిచిన మీకు తెలియనిది కాదు. మగపిల్లలు చాలామంది పదమూడు, పద్నాలుగేళ్ళ మధ్య ఒక్కసారిగా సాగుతారు. ఆ ఒక్క ఏడాదిలోనే ఎనిమిది, పది సెంటీమీటర్లు పెరిగేవాళ్ళుంటారు. ఆ ఏడాది దాటినవాడూ దాటనివాడూ ఒకే బంతి కోసం పరుగెత్తితే ఏం జరుగుతుందో నేను వందలసార్లు చూశాను. గోల్‌కీపర్ కొట్టిన బంతి పైకి లేస్తుంది. అది ఎక్కడ దిగుతుందో చిన్నవాడు ముందే కనిపెట్టి సరిగ్గా అక్కడే నిలబడతాడు. పెద్దవాడు ఆలస్యంగా వస్తాడు, కానీ వస్తూనే భుజం తగిలిస్తాడు. చిన్నవాడు రెండడుగులు పక్కకు పోతాడు, బంతి పెద్దవాడిదవుతుంది. కుర్చీలో కూర్చున్న సెలెక్టర్ పెద్దవాడి నంబరు పక్కన టిక్కు పెడతాడు. బంతి దిగేచోటు ముందుగా కనిపెట్టింది ఎవరో రాయడానికి ఆ కాగితంలో గడి ఉండదు.

పువ్వు పుట్టగానే పరిమళిస్తుందన్న మాటను మా సెలెక్షన్లలో మరీ గట్టిగా నమ్మారమ్మా. ఆ పిల్లాడు ముందు విచ్చుకున్నది ముందు పుట్టినందువల్ల కావచ్చన్న ఆలోచన మాలో చాలామందికి ఎప్పుడూ రాలేదు.

ఇక "వచ్చే ఏడాది రండి" అన్న మాట. వచ్చే ఏడాదికి మీ వాడు ఎదుగుతాడు. ఆ జనవరి కుర్రాడూ ఎదుగుతాడు. పైగా ఈ ఏడాదంతా వాడికి వారానికి అయిదు రోజుల ప్రాక్టీసు, మంచి కోచ్, ఊళ్ళు తిరిగి ఆడే మ్యాచ్‌లు దొరుకుతాయి. మొదట్లో వయసు వల్ల మాత్రమే ముందున్నవాడు ఏడాది తిరిగేసరికి ఆటలోనూ నిజంగానే ముందుంటాడు. గోరంత తేడా కొండంతయ్యేది ఇక్కడే.

పుట్టిన తేదీ మాత్రం ముట్టుకోకండి. ఎవరికీ నష్టం లేదన్నాడు కదా మీ మరిది. 2013 డిసెంబరులో పుట్టిన పిల్లాడు ఒకడు ఆ కింది గ్రూపులో ఉంటాడు. వాడికీ ఓ తల్లి ఉంటుంది. రేపు మీ వాడి భుజం తగిలేది ఆ పిల్లాడికే. పట్టుబడటం సంగతి వేరే ఉంది. మన దేశంలో మణికట్టు ఎక్స్‌రే తీసి ఎముక వయసు చూస్తున్నారు. ఫిఫా 2009 అండర్-17 ప్రపంచకప్ నుంచి మణికట్టుకు ఎమ్మారై తీయిస్తోంది. పది రోజుల తేడా ఎక్స్‌రేలో కనబడదు, నిజమే. కానీ ఆస్పత్రి కాగితం, బర్త్ సర్టిఫికెట్, స్కూలు అడ్మిషన్, ఆధార్ ఒకదానితో ఒకటి కలవవు. అన్నిటికన్నా నాకు బాధ అనిపించేది, ఆ పిల్లాడు ఇకమీదట ప్రతి ఫారంలోనూ తన చేత్తో అబద్ధం రాయాల్సి రావడం.

నా సర్టిఫికెట్‌లో పుట్టిన తేదీ జూలై 1. నా వయసువాళ్ళు ఊళ్ళో ఎంతమందిని అడిగినా అదే తేదీ చెప్తారు, హెడ్మాస్టరు గారు వేసినది. కార్తీక పున్నమికి ముందురోజు పుట్టానని మా అమ్మ చెప్పేది. ఆ రోజుల్లో అది మోసం కాదు, ఎవరూ రాసిపెట్టుకోలేదు, అంతే. మీ అబ్బాయికి ఆస్పత్రివాళ్ళు రాసిచ్చిన నిజమైన తేదీ ఉంది. అది వాడికి ఉండనివ్వండి.

వాణ్ణి గ్రౌండ్ మాన్పించవద్దు. నాకు కావలసింది అదొక్కటే. ఈ క్లబ్బు కాకపోతే ఇంకో క్లబ్బు. పెద్ద గ్రౌండ్‌లో పదకొండు మందితో ఆడే ఆటలో బంతి అందకపోతే, అయిదుగురేసి ఆడే చిన్న కోర్టులో ఆడించండి. అక్కడ భుజం కన్నా కాలికే పని ఎక్కువ, బంతి పదే పదే తగులుతుంది. మూడు నెలలకోసారి ఎత్తు కొలిచి తేదీతో సహా రాసిపెట్టండి. ఆ గీత ఒక్కసారిగా పైకి లేచే రోజు వస్తుంది. అప్పుడు కొన్ని నెలలు కాళ్ళూ చేతులూ తనవి కానట్టు తడబడతాడు. కంగారు పడకండి, తిట్టకండి. పౌడర్లూ జిమ్ములూ వద్దు. పదహారు, పదిహేడేళ్ళు వచ్చేదాకా వాడి గురించి తుది మాట చెప్పే హక్కు ఎవరికీ లేదు, నాక్కూడా లేదు.

ప్రశ్న: జనవరి, ఫిబ్రవరి నెలల్లో పుట్టిన ఫుట్‌బాల్ ఆటగాళ్ళు ఎక్కువని ఎక్కడో చదివాను. మా మనవడు జనవరి 17న పుట్టాడు, మకర రాశి. స్కూలు టీమ్‌లో కెప్టెన్ కూడా. ఇది గ్రహబలమేనా?
– ఒక తాతయ్య, చిక్కడపల్లి

జవాబు: అయ్యా, మీ మనవడు కెప్టెన్ అయినందుకు సంతోషం. గ్రహాల మీద మీ నమ్మకాన్ని నేను కాదనను. ఆటకు సంబంధించిన సంగతి మాత్రం చెప్తాను.

ఇంగ్లండ్‌లో పిల్లల ఫుట్‌బాల్‌కు వయసు లెక్క సెప్టెంబరు 1 నుంచి. అక్కడ ప్రొఫెషనల్ ఆటగాళ్ళలో ఏ నెలలవాళ్ళు ఎక్కువని 1990లలో లెక్క తీస్తే సెప్టెంబరు, అక్టోబరు, నవంబరు వచ్చాయి. బెల్జియంలో ఒకప్పుడు ఆగస్టు 1 లెక్క. ఎంపిక చేసిన పిల్లల జట్ల నిండా ఆగస్టు, సెప్టెంబరు, అక్టోబరు పిల్లలే ఉండేవాళ్ళు. 1997లో ఫిఫా తేదీని జనవరి 1కి మార్చగానే ఆ జట్లలోకి జనవరి, ఫిబ్రవరి, మార్చి పిల్లలు వచ్చేశారు. ఆ రెండేళ్ళలో నక్షత్రాలు మారలేదు, సర్క్యులర్ మారింది. నిన్నటిదాకా మెరికలనిపించుకున్న ఆగస్టు పిల్లలు ఒక్కసారిగా మామూలు పిల్లలైపోయారు. ఇలాంటిదే కెనడా ఐస్ హాకీలో 1980లలోనే గమనించారు.

ఈ మాట మీ మనవడి మంచి కోసమే చెప్తున్నాను. ఇప్పుడు అతను ముందుండటంలో కొంత ఆట ఉంది, కొంత వయసు ఉంది. పదిహేడేళ్ళకు మిగతావాళ్ళు ఎదిగి వస్తారు, అప్పుడు వయసు సాయం ఉండదు. బలం మీద గెలవడం అలవాటైన పిల్లలు చాలామంది ఆ రోజున దిక్కు తోచక నిలబడిపోతారు. అందుకని ఇప్పుడే అతని చేత బలంలేని కాలితో, అంటే కుడికాలి వాటమైతే ఎడమకాలితో, ఆడించండి. ఇది నేను కనిపెట్టింది కాదు, మన హైదరాబాద్ పాఠమే. 1951, 1962 ఆసియా క్రీడల్లో భారత జట్టుకు బంగారు పతకాలు తెచ్చిపెట్టిన కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీమ్ మొదట మనలాంటి బడిపంతులే. చాదర్‌ఘాట్ హైస్కూల్లో కూడా పాఠాలు చెప్పారు. బలంలేని కాలితో మాత్రమే ఆడాలి, బంతిని కాలితో తోసుకుంటూ ఎదుటివాళ్ళను దాటుకుపోయే డ్రిబ్లింగ్ చేయకూడదు అని నిబంధనలు పెట్టి కుర్రాళ్ళకు పోటీలు నడిపారాయన. అలాంటి పోటీలో ఒడ్డూ పొడుగూ పెద్దగా పనికిరావు. పిల్లాడికి నిజంగా ఏం వచ్చో బయటపడుతుంది. ఆయన శిక్షణలోని జట్టు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం దాకా వెళ్ళింది.

ప్రశ్న: సార్, ఎంబాపె పుట్టింది డిసెంబరు 20న. మన బైచుంగ్ భూటియా డిసెంబరు 15న. పెలే, మారడోనా ఇద్దరూ అక్టోబరు. మరి ఈ పుట్టిన నెల గొడవ అంతా సాకు కాదా? టాలెంట్ ఉన్నవాణ్ణి ఎవరాపుతారు?
– ఒక డిగ్రీ విద్యార్థి, కూకట్‌పల్లి

జవాబు: తమ్ముడూ, తేదీలన్నీ సరిగ్గానే చెప్పావు. కానీ నువ్వు చెప్పిన నలుగురూ లోపలికి వచ్చినవాళ్ళు. గేటు బయట ఆగిపోయినవాళ్ళ పేర్లు నీకూ తెలియవు, నాకూ తెలియవు. తెలియకపోవడమే అసలు నష్టం.

ఇలా చూడు. చాలా దేశాల్లో పదిహేను, పదహారు, పదిహేడేళ్ళ జాతీయ జట్లలో మొదటి మూడు నెలల పిల్లలు కిక్కిరిసి ఉంటారు, చివరి మూడు నెలల పిల్లలు వేళ్ళ మీద లెక్కపెట్టేంతే ఉంటారు. సీనియర్ జట్లకు వచ్చేసరికి ఆ తేడా బాగా పలచబడుతుంది. నిజంగా జనవరి పిల్లలే మేటి ఆటగాళ్ళయితే పెద్దయ్యాక కూడా అదే తేడా ఉండాలి కదా? ఎనిమిదేళ్ళవాడికి ఒక ఏడాది అంటే బతికిన జీవితంలో ఎనిమిదో వంతు. పాతికేళ్ళవాడికి ఇరవై అయిదో వంతు. వయసు తెచ్చిన ఆధిక్యం కరిగిపోతుంది. కానీ అది కరిగేలోపే మనం సగం మంది పిల్లల్ని ఇంటికి పంపేసి ఉంటాం.

అన్నీ తట్టుకుని నిలబడ్డ చిన్నవాళ్ళు గట్టివాళ్ళవుతారన్నది నిజం. జర్మనీ లీగ్ ఆటగాళ్ళ జీతాలు పరిశీలిస్తే, వయసు గ్రూపులో చివర పుట్టినవాళ్ళు సగటున ఎక్కువ సంపాదిస్తున్నారని తేలింది. బలం లేనప్పుడు బుర్రతో ఆడటం నేర్చుకున్నవాళ్ళు వాళ్ళు. ఇంగ్లండ్ లెక్కలో జూలై 28 అంటే దాదాపు ఏడాది చివర. ఆ రోజున పుట్టిన ఇంగ్లండ్ ఆటగాడు హ్యారీ కేన్‌ను ఆర్సెనల్ క్లబ్బు అకాడమీ చిన్నప్పుడే వద్దనుకుంది. క్రొయేషియా ఆటగాడు మోడ్రిచ్ సంగతీ అలాంటిదే. అతన్నీ చిన్నగా ఉన్నాడని హాయ్‌డుక్ స్ప్లిట్ క్లబ్బు తీసుకోలేదు. 2018లో ప్రపంచంలో మేటి ఆటగాడికిచ్చే బాలన్ డోర్ అందుకున్నాడు.

ఇంకొక్క సంగతి. పుట్టిన నెల, శరీరం ఎదగడం రెండూ ఒకటి కావు. డిసెంబరులో పుట్టి పదమూడేళ్ళకే మీసాలొచ్చినవాణ్ణీ, జనవరిలో పుట్టి పదిహేనేళ్ళకు కూడా చిన్నపిల్లాడిలా ఉన్నవాణ్ణీ చూశాను. 2017 అక్టోబరు 9న ఢిల్లీలో కొలంబియా మీద కార్నర్ కిక్‌కు తల ఆనించి గోల్ కొట్టిన జీక్సన్ సింగ్ పుట్టింది 2001 జూన్ 21న. ఆ పోటీలో ఆడదగ్గ పెద్ద వయసువాళ్ళకన్నా దాదాపు ఏడాదిన్నర చిన్న. అయినా పొడగరి కాబట్టి ఆ బంతి అందింది. ఫిఫా ప్రపంచకప్‌లో మన దేశానికి అదే మొదటి గోల్. అంచేత తేదీ ఒక్కటే చూసి కూడా పిల్లాణ్ణి అంచనా వేయకూడదు.

ప్రశ్న: సార్, నేను నవంబరులో పుట్టాను, తొమ్మిదో తరగతి. అమ్మాయిలకు కూడా ఇలాగే జరుగుతుందా?
– ఒక విద్యార్థిని, ఉప్పల్

జవాబు: జరుగుతుంది తల్లీ, కానీ సాధారణంగా అబ్బాయిల్లో ఉన్నంత గట్టిగా ఉండదు. అమ్మాయిలు పన్నెండేళ్ళ ప్రాంతంలోనే ఒక్కసారిగా ఎదుగుతారు, నీ వయసుకు ఆ తేడా చాలావరకు సర్దుకుంటుంది. పైగా ఒక్కో చోటు కోసం పోటీపడే అమ్మాయిలు ఇంకా తక్కువ. అది సంతోషించే సంగతి కాదనుకో. మీ క్లాసులో ఇంకో నలుగురిని గ్రౌండ్‌కు తీసుకురా. అబ్బాయిల ప్రాక్టీసులో నీకు బంతి ఇవ్వకపోతే మీ సార్‌తో చెప్పు.

ప్రశ్న: మాస్టారూ, నేను ఇబ్రహీంపట్నం దగ్గర ప్రభుత్వ పాఠశాలలో పీఈటీని. మండల స్థాయి సెలెక్షన్లలో గంటన్నరలో అరవై మందిని చూసి పద్దెనిమిది మందిని ఎంచాలి. పుట్టిన నెలలు కూడా చూస్తూ కూర్చునే టైమ్ ఎక్కడుంది? ఆచరణలో పనికొచ్చేది ఏమైనా చెప్పండి.
– ఒక పీఈటీ

జవాబు: తమ్ముడూ, మీ ఇబ్బంది నాకు తెలుసు. ముప్పై నాలుగేళ్ళు నేనూ ఆ గంటన్నరలోనే పిల్లల్ని ఎంచాను.

కొన్నేళ్ళ కిందట తార్నాకలో ఒక మందుల షాపుకి వెళ్ళాను. కౌంటర్ వెనకున్న యువకుడు నన్ను గుర్తుపట్టి నమస్కారం పెట్టాడు. నాకన్నా జానెడు ఎత్తున్నాడు. పేరు చెప్తే గుర్తొచ్చాడు, బంతిని అరికాలితో ఆపే తీరు కూడా గుర్తొచ్చింది. వరసగా రెండేళ్ళు ట్రయల్స్‌కు వచ్చాడు. చిన్నగా ఉన్నాడని రెండుసార్లూ నేనే వెనక్కి పంపాను. మూడో ఏడు రాలేదు. "ఇప్పుడు ఎక్కడ ఆడుతున్నావురా?" అని అడిగాను. "అప్పుడే మానేశాను సార్" అన్నాడు, చిల్లర లెక్కపెట్టి ఇస్తూ. కోపంగా కూడా అనలేదు.

ఇంటికొచ్చి అటక మీది పాత రిజిస్టర్లు దించాను. ఎర్ర పెన్సిలు తీసుకుని, నేను ఎంచిన ప్రతి పిల్లాడి పుట్టిన నెల పక్కనా చుక్క పెడుతూ పోయాను. జనవరి, ఫిబ్రవరి, మార్చి చుక్కలతో పేజీలు ఎర్రబడ్డాయి. నవంబరు, డిసెంబరు దగ్గర పెన్సిలు ఆగిన సందర్భాలే తక్కువ. మందుల షాపు కుర్రాడిది నవంబరు. నేనెప్పుడూ లంచం తీసుకోలేదు, ఎవరి సిఫార్సూ వినలేదు. న్యాయంగానే ఎంచాననుకుంటూ ఇన్నేళ్ళూ ఆ పని చేశాను. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఇక మీరడిగిన ఆచరణ సంగతి. నెదర్లాండ్స్‌లో క్లబ్బుల కోసం మంచి ఆటగాళ్ళను వెతికిపెట్టే స్కౌట్లతో ఒక ప్రయోగం చేసి 2017లో ఫలితాలు ప్రచురించారు. పిల్లల మ్యాచ్ చూపించి మెరుగైనవాళ్ళను చెప్పమన్నారు. ఎప్పటిలాగే పెద్ద పిల్లల్నే మెచ్చుకున్నారు. పుట్టిన తేదీలు కాగితం మీద రాసిచ్చినా అదే జరిగింది. చివరకు చొక్కాల మీది నంబర్లను వయసు వరసలో ఇచ్చారు. అప్పుడు ఆ పక్షపాతం పోయింది. మ్యాచ్ జరుగుతుండగా కాగితం ఎవరు చూస్తారు? చొక్కా మీది అంకె మాత్రం బంతితో పాటే కళ్ళముందు ఉంటుంది.

నేనూ చేసి చూశాను. మా దగ్గర ఇరవై రెండు మంది పిల్లలు. పుట్టిన తేదీల వరసలో నిలబెట్టి, చొక్కా మీద తొడుక్కునే నంబర్ల బిబ్‌లు ఇచ్చాను. 1 అందరికన్నా పెద్దవాడు, 22 అందరికన్నా చిన్నవాడు. పది నిమిషాల తర్వాత 19వ నంబరువాడికి బంతి వచ్చింది. ఆపేముందే ఒకసారి భుజం మీదుగా వెనక్కి చూశాడు. కుడివైపు ఖాళీలోకి తోశాడు. పాస్ కొంచెం మెత్తగా వెళ్ళింది, 3వ నంబరువాడు అడ్డం వచ్చి లాగేసుకున్నాడు. మామూలుగా అయితే నా పుస్తకంలో "పాస్‌లో బలం లేదు" అని రాసేవాణ్ణి. వీపు మీద 19 కనబడింది కాబట్టి "ఖాళీ ముందే చూశాడు" అని రాశాను. బలం రెండేళ్ళలో దానంతటదే వస్తుంది. వెనక్కి చూసే అలవాటు మాత్రం ఎవరో నేర్పితేనో, పుట్టుకతో ఉంటేనో వస్తుంది.

దీనికి పెద్ద టైమ్ కూడా పట్టదు. సర్టిఫికెట్ల జిరాక్సులు ఎలాగూ తీసుకుంటారు. వాటిని పేర్ల అక్షరక్రమంలో కాకుండా పుట్టిన తేదీల వరసలో పేర్చండి. అరవై మందిని మూడు ఇరవైలుగా చేయండి. మొదటి గుంపులో పెద్దవాళ్ళు, మూడో గుంపులో చిన్నవాళ్ళు ఉండేలా విడదీసి ఒక ఆట ఆడించండి, తర్వాత కలిపి ఇంకో ఆట. ఇంగ్లండ్ క్లబ్బులు ఇంకో అడుగు ముందుకేసి, పిల్లాడి ఎత్తూ బరువూ తల్లిదండ్రుల ఎత్తూ బట్టి పెద్దయ్యాక ఎంతవుతాడో అంచనా కట్టి, ఎదుగుదలలో సమానంగా ఉన్నవాళ్ళ మధ్య మ్యాచ్‌లు పెడుతున్నాయి. బెల్జియంలో ఆలస్యంగా ఎదిగే పిల్లల కోసం విడిగా జట్టే పెట్టారు. మనకు ఆ వసతులు లేవు. కానీ పద్దెనిమిది మంది జాబితా కింద ఇంకో ఆరు పేర్లు రాసుకోవడానికి వసతులు అక్కర్లేదు. చిన్నగా ఉన్నారు గానీ బుర్ర ఉంది అనిపించిన ఆరుగురు. వాళ్ళను ప్రాక్టీసుకు రమ్మనండి, మ్యాచ్ ఆడించకపోయినా సరే. ఇంటికి మాత్రం పంపవద్దు.

నా దగ్గర 1 నుంచి 22 దాకా అంకెలు కుట్టించిన బిబ్‌ల జత ఉంది. మీ సెలెక్షన్ తేదీ రాసి ఈ పత్రికకే ఉత్తరం వేయండి, నాకు అందజేస్తారు. ముందురోజు సాయంత్రం వచ్చి పట్టుకెళ్ళండి. ఉతికి సిద్ధంగా ఉంచుతాను. సోమవారం పొద్దున ఆరింటికల్లా తిరిగి ఇచ్చేస్తే చాలు, మా పిల్లలకు ప్రాక్టీసు ఉంటుంది.